ఏ మెట్టు మీద ఉన్నావమ్మా?

మా మాస్టారి పేరు మీద పూర్వ విద్యార్థులు నెలకొల్పిన ధర్మనిధి ఉపన్యాసం ఇది.

మాస్టారికి పొగడ్తలంటే గిట్టేది కాదని ఈ హాల్లో చాలామందికి తెలుసు. అందుకని ఆయన గుణగణాల జోలికి వెళ్ళను. నా విషయంలో ఆయన చేసిన ఒక పొరపాటు, దాన్ని దిద్దుకున్న తీరు చెప్పి, అక్కణ్నుంచి విషయంలోకి వస్తాను.

అప్పుడు నేను ఏడో తరగతి. మాస్టారి దగ్గర హాజరు పట్టీ కాక ఇంకో నోటుబుక్కు ఉండేది. అందులో ఒక్కో పిల్లవాడికి ఒక పేజీ. మార్కులు కాకుండా, పిల్లవాడు ఎలా ఉన్నాడన్నది రాసుకునేవారు. ఓసారి వారం రోజులపాటు నేను ఆటల పీరియడ్‌లో బెంచీ మీంచి లేవలేదు. నా పేజీలో ‘బద్ధకం పెరిగింది’ అని రాశారు. తరువాత ఓ సాయంత్రం అందరూ వెళ్ళాక పక్కన కూర్చోబెట్టుకుని, “ఏరా, ఆటకి ఎందుకు రావటం లేదు?” అని అడిగారు. చాలాసేపు నోరు విప్పలేదు. ఆయన కూడా తొందరపెట్టలేదు. చివరికి చెప్పాను, నిక్కరు వెనకవైపు చిరిగింది, లేస్తే కనిపిస్తుందని. ఆయన నోటుబుక్కు తెరిచి, రాసిన మాట అడ్డంగా కొట్టేసి, నేను చెప్పింది నా మాటల్లోనే రాశారు. ఆ సాయంత్రమే నన్ను తన ఇంటికి తీసుకెళ్ళారు. అమ్మగారు సూదీ దారం తీశారు.

నన్ను రోజూ చూసే మనిషి, నా మేలు కోరే మనిషి, పిల్లల్ని గమనించటమే పనిగా పెట్టుకున్న మనిషి కూడా నా గురించి తప్పు రాశారు. అడిగాక సరిదిద్దుకున్నారు. గత 40 ఏళ్ళుగా పిల్లల బాగోగుల మీద ప్రపంచంలో జరుగుతున్న పరిశోధన నాకు ఆ సాయంత్రాన్నే గుర్తుచేస్తుంది. పిల్లవాడి జీవితం ఎలా ఉందో చెప్పటానికి మొదటి సాక్షి పిల్లవాడేనని, ఆ సాక్ష్యం తీసుకున్నవాళ్ళ మీద ఒక బాధ్యత పడుతుందని చెప్పటమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

బయటి కొలతలు, లోపలి మాట

పిల్లల క్షేమాన్ని లెక్కకట్టటం మనకు కొత్త కాదు. శిశు మరణాల రేటు, ఎత్తు, బరువు, టీకాలు, బడిలో చేరినవాళ్ళ సంఖ్య, పదో తరగతి ఉత్తీర్ణతా శాతం మనకు కంఠతా వచ్చు. వీటి విలువ తక్కువని ఎవరూ అనలేరు. అంగన్‌వాడీలో బరువు తూచే కాటా ఎందరు బిడ్డల్ని కాపాడిందో గ్రామాల్లో పనిచేసినవాళ్ళకు తెలుసు. కానీ ఈ కొలతలన్నిటిలో ఒక పోలిక ఉంది. వీటిలో దేనికీ పిల్లవాడు నోరు విప్పనక్కర్లేదు.

నోరు విప్పించే ప్రయత్నం ముందు పెద్దవాళ్ళతో మొదలైంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హాడ్లీ కాంట్రిల్ 1965లో అచ్చువేసిన గ్రంథంలో ఒక నిచ్చెన బొమ్మ ఉంది. అడుగు మెట్టు మీ దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ జీవితం, పై మెట్టు అన్నిటికన్నా మంచి జీవితం, ఇప్పుడు మీరు ఎక్కడ నిలబడి ఉన్నారు అని ఆయన బృందం అనేక దేశాల్లో జనాన్ని అడిగింది. వాటిలో మన దేశమూ ఉంది. ఏది మంచి జీవితమో పరిశోధకుడు నిర్ణయించడు, జవాబు చెప్పేవాడే నిర్ణయిస్తాడు. ఆ పద్ధతిలోని గొప్పతనం అదే.

1984లో ఎడ్ డీనర్ రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది వేసింది. తన బతుకు ఎలా ఉందో మనిషి తానే చెప్పే ఈ లెక్కను పండిత భాషలో ‘ఆత్మాశ్రయ శ్రేయస్సు’ అంటారు. నేను ఈ పూట ‘బాగు’ అనే అంటాను. ఆ బాగులో మూడు పేటలున్నాయని డీనర్ చెప్పాడు. ఒకటి, మొత్తం మీద తన బతుకు పట్ల తృప్తి. రెండు, రోజువారీ ఉల్లాసం. మూడు, దిగులూ భయమూ కోపమూ తక్కువగా ఉండటం. ఈ మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. పరీక్ష ముందురోజు గుండె దడదడలాడే పిల్ల కూడా తన జీవితం మీద తృప్తిగా ఉండవచ్చు. రోజంతా నవ్విస్తూ తిరిగే కుర్రాడు రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు వేరే లెక్క చెప్పవచ్చు.

పిల్లలకు ఇంత వివరంగా చెప్పే శక్తి ఉందా అన్న సందేహం చాలాకాలం ఉండేది. స్కాట్ హ్యూబ్నర్ 1991లో ఏడే ఏడు వాక్యాలతో విద్యార్థుల కోసం ఒక కొలబద్ద తయారుచేశాడు. 1994లో దాన్ని విస్తరించి కుటుంబం, స్నేహితులు, బడి, ఉండే చోటు, తన పట్ల తనకున్న భావం అని ఐదు గదులుగా విడదీశాడు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు ఈ ఐదింటినీ ఒకదానితో ఒకటి కలపకుండా విడివిడిగా తూచి చెప్పగలరని తేలింది. అంతకు కొద్దిగా ముందే, 1989 నవంబరు 20న, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ళ అభిప్రాయాన్ని విని, వయసుకూ పరిణతికీ తగిన విలువ ఇవ్వాలని దాని 12వ అధికరణం చెబుతోంది. మన దేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది. అంటే పిల్లల మాట అడగటం మన దయ మీద ఆధారపడిన విషయం కాకుండా పోయి 30 ఏళ్ళు దాటింది.

మన ఊళ్ళకు వచ్చిన నిచ్చెన

ఈ పరిశోధనలో తెలుగు పిల్లలకు పెద్ద స్థానమే ఉంది. అది మన ఉపాధ్యాయుల్లోనే చాలామందికి తెలియదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో 2002లో ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశాల్లో మొదలైంది. భారతదేశంలో ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ని. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాలతో పాటు హైదరాబాద్ నగరం నుంచి దాదాపు 3,000 మంది పిల్లల్ని తీసుకున్నారు. వారిలో 2,000 మంది అప్పటికి ఏడాది వయసు వాళ్ళు, 1,000 మంది ఎనిమిదేళ్ళవాళ్ళు. హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్), తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ పనిలో భాగస్వాములు. కొన్నేళ్ళకోసారి మళ్ళీ వెళ్ళి ఆ పిల్లల్నే కలిశారు. ఆనాడు తల్లి చంకనున్న బిడ్డలు ఈనాడు ఇరవై దాటిన యువతీ యువకులు.

వాళ్ళ ముందు కూడా నిచ్చెన పెట్టారు, తొమ్మిది మెట్లది. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావు, నాలుగేళ్ళ తరవాత ఏ మెట్టు మీద ఉంటావనుకుంటున్నావు అని అడిగారు. ఆ ప్రశ్నావళిలో నన్ను ఆపేసినవి వేరే ప్రశ్నలు. నీ బట్టలు నీకు గర్వంగా అనిపిస్తాయా? చెప్పులున్నందుకు గర్వపడతావా? సరైన యూనిఫారం ఉందా? పుస్తకాలూ పెన్సిళ్ళూ సరిగా లేక సిగ్గుపడతావా? చేయాల్సి వచ్చే పనికి సిగ్గుపడతావా? వాటిని చదువుతుంటే ఏడో తరగతి బెంచీ గుర్తొచ్చింది. పేదరికం పిల్లవాడి లోపలికి ఏ దారిన వస్తుందో ఆ ప్రశ్నలు రాసినవాళ్ళకు తెలుసు. ఆకలి దారిన వస్తుంది, నిజమే. సిగ్గు దారిన కూడా వస్తుంది.

ఈ నాలుగు దేశాల సమాచారాన్ని తీసుకుని స్టెఫాన్ డెర్కన్, ప్రమీలా కృష్ణన్ 2009లో ఒక విశ్లేషణ ప్రచురించారు. ఇంట్లో లేమి ఎక్కువైన కొద్దీ పిల్లల ఆత్మగౌరవం, తన వల్ల అవుతుందన్న నమ్మకం, ముందుకాలం మీద ఆశ తక్కువగా కనిపించాయి. అలాన్ సాంచెజ్‌తో కలిసి డెర్కన్ చేసిన ఇంకో పరిశీలనలో, ఏడెనిమిదేళ్ళ వయసులో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలకు పదకొండు, పన్నెండేళ్ళు వచ్చేసరికి ఈ నమ్మకాలూ ఆశలూ తక్కువగా ఉన్నట్టు తేలింది. ఒళ్ళు ఎదగకపోతే మనసు కూడా ముడుచుకుంటోంది. కాబట్టి అంగన్‌వాడీ గుడ్డు ఒక శాఖది, పిల్లల సంతోషం ఇంకో శాఖది అని విడదీసి మాట్లాడటం కుదరదు.

ఇదే అధ్యయనం 2009లో బడి దెబ్బల గురించి కూడా పిల్లల్ని అడిగింది. గడిచిన వారంలో టీచరు చేత దెబ్బ తిన్నావా అంటే, మన తెలుగు నేల మీది ఎనిమిదేళ్ళ పిల్లల్లో నూటికి 78 మంది తిన్నామన్నారు. నాలుగు దేశాల్లోనూ అదే ఎక్కువ. బడి ఎందుకు నచ్చదంటే పిల్లలు చెప్పిన కారణాల్లో దెబ్బలు ముందు వరుసలో ఉన్నాయి. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం వచ్చిందని సంతోషించాను. నన్ను బాధించే సంగతి వేరు. పెద్దవాళ్ళని అడిగితే ఈ 78 ఎన్నటికీ బయటపడేది కాదు. కొట్టిన చెయ్యి దాన్ని ‘క్రమశిక్షణ’ కింద రాసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు “భయం లేకపోతే చదువు ఎలా వస్తుంది” అంటారు. తగిలినవాళ్ళే చెప్పాలి.

మాటల్లో పెట్టలేని పిల్లల కోసం బొమ్మల దారి కూడా తొక్కారు. మీ ఊళ్ళో బాగున్న పిల్లో పిల్లవాడో ఎలా ఉంటారో గీయండి, బాగులేని వాళ్ళు ఎలా ఉంటారో గీయండి, తరువాత అందరం కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. ‘బాగు’ అంటే ఏమిటో పరిశోధకులు ముందే రాసుకొచ్చి టిక్కులు పెట్టించుకోకుండా, ఆ నిర్వచనాన్నే పిల్లల చేతికి ఇచ్చిన పద్ధతి అది.

ఫిన్లాండ్, కొరియా, మన ఇంటర్

ప్రపంచపు మిగతా చోట్ల ఏం తేలిందో చూద్దాం. ‘చిల్డ్రన్స్ వరల్డ్స్’ అనే అంతర్జాతీయ సర్వే మూడో విడతలో మన దేశంతో సహా 35 దేశాల నుంచి ఎనిమిది, పది, పన్నెండేళ్ళ పిల్లలు 1,28,000 మంది జవాబులిచ్చారు. ఇలాంటి సర్వేల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే సంగతి ఒకటుంది. ఆడో మగో, తండ్రి జీతం ఎంతో, ఇంట్లో ఎంతమందో అన్న వివరాలు పిల్లల తృప్తిలోని తేడాల్లో కొద్ది భాగాన్నే వివరిస్తాయి. ఇంట్లో నా మాట వింటారా, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, నా విషయాల్లో నాకు కాస్త ఎంపిక ఉందా అన్నవి వాటికన్నా చాలా ఎక్కువ చెబుతాయి.

మరి లేమి మాటేమిటి? ఇంగ్లండ్‌లో గిల్ మెయిన్, జొనాథన్ బ్రాడ్‌షా ఒక మంచి పని చేశారు. మామూలు పిల్లవాడికి ఏమేం ఉండాలి అని పిల్లల్నే అడిగి, తోటివాళ్ళలో కలిసిపోయే బట్టలు, కొద్దిగా చేతి ఖర్చు, ఇంట్లోవాళ్ళతో కలిసి ఓ రోజు బయటికి వెళ్ళటం వంటి పది అంశాల పట్టిక తయారుచేశారు. ఆ పట్టిక పిల్లల తృప్తిని కుటుంబ ఆదాయం కన్నా బాగా వివరించింది. లేమి ప్రభావం లేకపోవటం కాదు, ఇన్నాళ్ళూ దాన్ని పెద్దల లెక్కల్లో వెతికాం. నిక్కరు చిరుగు మా నాన్న ఆదాయ ధ్రువపత్రంలో కనిపించదు.

పదేళ్ళ వయసు నుంచి పదహారు దాకా తృప్తి క్రమంగా దిగుతూ రావటం అనేక దేశాల్లో కనిపిస్తోంది. చాలాచోట్ల ఆడపిల్లల్లో ఆ దిగుడు ఎక్కువ. మన జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2022లో ఆరు నుంచి పన్నెండు తరగతుల దాకా దేశమంతటా 3.79 లక్షల మంది విద్యార్థులతో చేసిన సర్వేలో కూడా, పై తరగతులకు వెళ్ళేకొద్దీ తన జీవితం పట్ల, బడి పట్ల తృప్తి తగ్గింది. ఆందోళనకు కారణం చెప్పమంటే నూటికి 81 మంది చదువు, పరీక్షలు, ఫలితాలు అన్నారు.

ఇక్కడే మనలో చాలామంది అడ్డుపడతారు. పోటీ ప్రపంచంలో కొంత సుఖం వదులుకోక తప్పదు, తరవాత జీవితాంతం సుఖపడతాడు అంటారు. ఈ వాదనను పీసా అనే అంతర్జాతీయ విద్యార్థి పరీక్ష 2015 ఫలితాల పక్కన పెట్టి చూడండి. అప్పుడు 15 ఏళ్ళ పిల్లల్ని గణితం, సైన్సు, పఠనాలతో పాటు నీ జీవితానికి పదికి ఎన్ని ఇస్తావని కూడా అడిగారు. సగటు 7.3. కొరియా పిల్లలు చదువులో అగ్రశ్రేణి, జీవితానికి ఇచ్చిన మార్కులు 6.4. ఫిన్లాండ్ పిల్లలూ చదువులో అగ్రశ్రేణే, జీవితానికి ఇచ్చిన మార్కులు 7.9. చదువు రావాలంటే బతుకు చేదు కావాల్సిందేనన్న మాట నిలబడాలంటే ఫిన్లాండ్ అనే దేశం లేకుండా పోవాలి.

మనం ఏ దేశం దారిలో ఉన్నామో ఈ సభకు చెప్పనక్కర్లేదు. తృప్తి సహజంగానే దిగే వయసులో, పదిహేనేళ్ళకే, పిల్లను ఇంటి నుంచి తీసుకెళ్ళి ఇంటర్ హాస్టల్లో చేరుస్తాం. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం వారం పరీక్ష, మార్కుల ప్రకారం సెక్షను మార్పు. ఎంపీసీయా బైపీసీయా అన్నది ఇంట్లో పెద్దలు ఎప్పుడో తేల్చేసి ఉంటారు. ఔటింగ్ ఎప్పుడో, ఇంటికి ఫోను ఎన్ని నిమిషాలో యాజమాన్యం తేలుస్తుంది. పరిశోధన ఏ మూడింటిని ముఖ్యమంటోందో గుర్తుచేసుకోండి. ఇంట్లో మాట వినేవాళ్ళు, తోటివాళ్ళ మధ్య భద్రత, సొంత ఎంపిక. మూడింటినీ ఒకే జూన్ నెలలో తగ్గించేస్తున్నాం. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో లోపలి పేజీలో ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు చదివి నిట్టూరుస్తాం. ఆ పిల్లల్ని ఆ రోజుకు ముందు ఎవరైనా ఏ మెట్టు మీద ఉన్నావమ్మా అని అడిగారా?

‘బాగున్నా’ అనే జవాబు

అడిగితే నిజం చెబుతారా అన్న ప్రశ్న న్యాయమైనదే. ‘ఎలా ఉన్నావు’ అంటే ‘బాగున్నా’ అనటం మనకు మర్యాద. అందులో పెద్దవాళ్ళు అడిగితే పిల్లలు ఇంకో మాట అనరు. చిన్నపిల్లలు కొలబద్ద పై చివరనే టిక్కు పెట్టేయటం అన్ని దేశాల్లో కనిపించేదే. అందుకే ఒక దేశం 8, ఇంకో దేశం 7 అనగానే మొదటి దేశం పిల్లలు సుఖంగా ఉన్నారని తీర్మానించకూడదు. కొన్ని సంస్కృతుల్లో తనకు తాను ఎక్కువ మార్కులు వేసుకోవటం గొప్పలు చెప్పుకోవటం కింద లెక్క. అలవాటు పడిపోవటం అనే చిక్కు కూడా ఉంది. రోజూ దెబ్బలు తినే పిల్లవాడికి దెబ్బ తక్కువ తిన్న రోజు మంచిరోజు అవుతుంది.

అనువాదం చిక్కు సరేసరి. తృప్తి, సంతోషం, ఆనందం, సుఖం మనకు నాలుగు వేరు వేరు మాటలు. ‘తృప్తి’ అనగానే మన పిల్లలకు అన్నం గుర్తొస్తుంది. ‘ఉన్నదాంతో తృప్తిపడాలి’ అన్న నీతి కూడా గుర్తొస్తుంది. జీవితం పట్ల తృప్తిగా ఉన్నావా అంటే, ఉండాలి కాబట్టి ఉన్నానని చెప్పే ప్రమాదం ఉంది. నిచ్చెన బొమ్మ ఈ చిక్కును కొంత తప్పిస్తుంది. నిచ్చెన ఎక్కని పిల్లవాడు పల్లెలో ఉండడు.

పెద్దల్ని అడిగి తెలుసుకోవచ్చు కదా అంటే, ఆ దారి మరీ బలహీనమైనది. స్పెయిన్‌లోని జిరోనాలో ఫెరాన్ కాసాస్ తల్లిదండ్రులనూ వాళ్ళ పిల్లలనూ విడివిడిగా అడిగి పోల్చి చూస్తే, ఇద్దరి జవాబుల మధ్య పొంతన తక్కువగా ఉంది. ప్రేమ లేక కాదు. ఒకే ఇంట్లో ఉన్నా చూసే కిటికీలు వేరు. పిల్లల మాటలో లోపాలున్నప్పుడు మందు ఇంకా బాగా అడగటమే. ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా ఇల్లు, బడి, స్నేహం, తన ఒళ్ళు, తన ఎంపిక అని విడివిడిగా అడగాలి. టీచరు పక్కన లేనప్పుడు అడగాలి. పేరు రాయించుకోకూడదు. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని ముందే చెప్పాలి, ఆ మాట మీద నిలబడాలి.

ఇంకో లోపం మనదే. ఈ సర్వేల్లో చాలాభాగం తరగతి గదుల్లో జరుగుతాయి. ఇటుక బట్టీలకు తల్లిదండ్రుల వెంట వలస వెళ్ళిన పిల్ల, పత్తి చేలో పనికి వెళ్ళిన పిల్ల ఆ రోజు తరగతిలో ఉండరు. యంగ్ లైవ్స్ ఇంటింటికీ వెళ్ళింది కనుక అలాంటివాళ్ళు అందులోకి వచ్చారు. బడి లెక్కల మీద ఆధారపడి మన రాష్ట్రాల పిల్లలు ఇలా ఉన్నారని చెప్పే ముందు ఖాళీ బెంచీలు లెక్కపెట్టుకోవాలి. సగటులు కూడా మోసం చేస్తాయి. తరగతి సగటు ఏడో మెట్టు అయినప్పుడు రెండో మెట్టు మీద ఉన్న ఆ ఒక్క పిల్లవాడి కోసమే మనం అడిగింది.

కొట్టివేత

మాస్టారు ఆ సాయంత్రం మూడు పనులు చేశారు. అడిగారు. తన మాట కొట్టేసుకున్నారు. ఇంటికి తీసుకెళ్ళి చిరుగు కుట్టించారు. మొదటి పని చేసే సంస్థలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో హ్యాపీనెస్ పాఠ్యక్రమం పెట్టారు, ఆ ప్రయత్నాన్ని నేను గౌరవిస్తాను. కానీ సంతోషాన్ని పాఠంగా చెప్పే బడి, పిల్లవాడు ‘నాకిక్కడ బాగులేదు’ అన్నప్పుడు తన టైంటేబులు మార్చుకోవటానికి సిద్ధపడాలి. రెండో పని, కొట్టివేత, పెద్దలకు చాలా కష్టం. మూడోది చెయ్యకపోతే మొదటిది చెయ్యటం అన్యాయం. అడిగి, విని, ఏమీ చెయ్యకపోతే చెప్పి ప్రయోజనం లేదని ఆ పిల్లవాడికి మనమే నేర్పినట్టు.

ఈ సభకు నా విన్నపం ఒకటే. ఏటా ఈ నిధి వడ్డీతో ఒక ఉపన్యాసం పెడుతున్నారు. వచ్చే ఏడాది నుంచి, ఉపన్యాసానికి ఆరు నెలల ముందు, మాస్టారు పనిచేసిన బడిలో పిల్లల ముందు ఒక నిచ్చెన బొమ్మ పెట్టండి. పేర్లు వద్దు. కిందిమెట్ల మీదున్నవాళ్ళు ఏం చెబుతున్నారో చదవండి. మరుగుదొడ్డికి గడియ లేదంటారో, ఫలానా దారిన రావాలంటే భయమంటారో, యూనిఫారం ఒక్క జతే ఉందంటారో నాకు తెలియదు. ఊహించి రాయటం నాకు ఇష్టం లేదు. వాళ్ళు చెప్పినవాటిలో ఒక్కటైనా సరిచేశాకే ఉపన్యాసకుణ్ని పిలవండి. సరిచేసిన ఆ సంగతితోనే ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాలి. ఈ రోజు నాకిచ్చిన పారితోషికాన్ని అధ్యక్షులవారి దగ్గరే వదిలి వెళుతున్నాను. మొదటి చిరుగు కుట్టటానికి వాడండి.